ప్యాకేజీగా వచ్చిన నెట్‌సీడీఎఫ్ వ్యూయర్‌లో రెండు బగ్‌లు, ఎక్కడ సరిచేయాలి?

ఉప్పుకెరటం:

అందరికీ నమస్కారం. నేను సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత డేటాతో పనిచేస్తాను. నెట్‌సీడీఎఫ్ ఫైల్ (వాతావరణ, సముద్ర డేటాని గళ్లుగా దాచే ఫార్మాట్) చేతికి రాగానే ముందు ఒకసారి కళ్లతో చూసుకోవడానికి డెబియన్ లినక్స్ స్థిరమైన విడుదల ‘స్టేబుల్’లో ప్యాకేజీగా దొరికే ఒక చిన్న ఓపెన్ సోర్స్ వ్యూయర్ వాడుతున్నాను. చాలా తేలికైనది, వెంటనే తెరుచుకుంటుంది, అందుకే వదులుకోవాలని లేదు. కానీ రెండు చోట్ల బాగా ఇబ్బంది పెడుతోంది.

ఒకటి, భూభాగం మీది గళ్లు ఖాళీగా ఉండాలి కదా, అవి మైనస్ 307.68 డిగ్రీలుగా వస్తున్నాయి. దాంతో రంగుల స్కేలు మైనస్ 307 నుంచి మొదలై సముద్రమంతా ఒకే రంగులో ముద్దగా కనిపిస్తోంది. రెండోది, కొన్ని ఫైళ్లు తెరవగానే టెర్మినల్‌లో ‘బఫర్ ఓవర్‌ఫ్లో డిటెక్టెడ్’ అని ఒక్క లైను వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోతోంది. నాకు అర్థం కానిది ఏమిటంటే, అదే వెర్షన్ సోర్స్‌ని అసలు ప్రాజెక్టు దగ్గర నుంచి తెచ్చుకుని నేనే కంపైల్ చేస్తే ఆ ఫైళ్లు చక్కగా తెరుచుకుంటున్నాయి. మొదటి బగ్ మాత్రం అందులోనూ ఉంది. ప్యాకేజీ చేసినవాళ్లు ఏమైనా మార్చారా? నా సొంత బిల్డ్ వాడుకుంటూ పోవచ్చా? సీ కోడ్ చదవగలను, రాసిన అనుభవం తక్కువ.

తెరచాప:

మొదటిదాని గురించి చెప్తాను, ఇది నేను చాలా ప్రోగ్రాముల్లో చూశాను. నెట్‌సీడీఎఫ్ ఫైల్‌ని టెక్స్ట్‌గా చూపించే ‘ఎన్‌సీడంప్’కి హైఫన్ హెచ్ ఆప్షన్ ఇచ్చి మీ ఫైల్ హెడర్ చూడండి. ఉష్ణోగ్రత షార్ట్ టైపులో (చిన్న పూర్ణాంకంగా) ఉండి, స్కేల్ ఫ్యాక్టర్ (గుణించాల్సిన సంఖ్య) 0.01, యాడ్ ఆఫ్‌సెట్ (కలపాల్సిన సంఖ్య) 20, ఫిల్ వాల్యూ (ఖాళీ గడికి గుర్తు) మైనస్ 32768 అని ఉంటుందని నా అంచనా. మైనస్ 32768ని 0.01తో గుణించి 20 కలపండి, సరిగ్గా మీ మైనస్ 307.68 వస్తుంది. అంటే వ్యూయర్ ముందు విలువని డిగ్రీల్లోకి మార్చేసి, ఆ తర్వాత తీరిగ్గా ఫిల్ వాల్యూతో పోలుస్తోంది. మారిపోయాక అవి ఎలా కలుస్తాయి? నెట్‌సీడీఎఫ్ ఫైళ్లు ఎలా రాయాలో చెప్పే సీఎఫ్ నియమాల ప్రకారం, ఇలా పూర్ణాంకాలుగా ప్యాక్ చేసిన డేటాలో ఫిల్ వాల్యూ కూడా ప్యాక్ అయిన రూపంలోనే ఉంటుంది కాబట్టి పోలిక ముందు, గుణకారం తర్వాత జరగాలి.

ఆ పక్కనే ఇంకో చోటు కూడా చూసుకోండి. ఫిల్ వాల్యూగా నాన్ (‘సంఖ్య కాదు’ అనే ప్రత్యేక విలువ) పెట్టిన ఫైళ్లు చాలా ఉంటాయి. నాన్ తనకు తాను కూడా సమానం కాదు, కాబట్టి రెండు ఈక్వల్స్ గుర్తులతో పోలిస్తే అది ఎప్పటికీ దొరకదు, ‘ఈజ్‌నాన్’తో విడిగా అడగాలి. అసలు ఫిల్ వాల్యూ అట్రిబ్యూటే లేని ఫైళ్లు కూడా వస్తాయి, అప్పుడు లైబ్రరీ సొంత డిఫాల్ట్ విలువలు ఉంటాయి, షార్ట్‌కి మైనస్ 32767.

కోడ్ ముట్టుకునే ముందు ఒక పని తప్పకుండా చేయండి. నాలుగు గళ్లున్న చిన్న సీడీఎల్ (నెట్‌సీడీఎఫ్‌కి టెక్స్ట్ రూపం) ఫైల్ చేత్తో రాసి ‘ఎన్‌సీజెన్’తో నెట్‌సీడీఎఫ్‌గా మార్చండి, ఒక గడిలో ఫిల్ వాల్యూ పెట్టండి. రెండు గిగాబైట్ల ఫైల్ పంపి ‘ఇది సరిగ్గా కనిపించట్లేదు’ అంటే మెయింటెయినర్ ఏం చేయగలరు? పది లైన్ల టెక్స్ట్ అయితే బగ్ రిపోర్టులోనే అతికించేయొచ్చు.

పాతఫైలు:

రెండోదాని గురించి. మీ సొంత బిల్డ్‌లో ఆ బగ్ లేదనుకోవద్దండి, ఉంది, బయటపడటం లేదంతే. డెబియన్ ప్యాకేజీలు మామూలుగా ‘ఫోర్టిఫై సోర్స్’ లాంటి రక్షణ ఫ్లాగులతో కంపైల్ అవుతాయి. కోడ్ ఒక బఫర్ (డేటా కోసం కేటాయించిన మెమరీ ముక్క) హద్దు దాటి రాస్తుంటే ఆ బిల్డ్ అక్కడికక్కడే ప్రోగ్రామ్‌ని ఆపేస్తుంది. మీరు ఉత్త ‘మేక్’ కొట్టి చేసుకున్నదానిలో ఆ కాపలా లేదు, పక్కనున్న మెమరీ మీద చప్పుడు లేకుండా రాసేసి ముందుకు పోతోంది. ఆ పక్కన ఏముందో ఎవరికి తెలుసు, ఒకరోజు మీ రంగుల స్కేలు తాలూకు గరిష్ఠ విలువే ఉండొచ్చు. శాస్త్రీయ డేటా చూసే పనిముట్టు ఆగిపోవడం నయం, తప్పు బొమ్మ చూపించడం చాలా ప్రమాదం. దయచేసి ఆ బిల్డ్‌ని నమ్ముకోకండి.

ఎక్కడ దాటుతోందో తెలుసుకోవడానికి ఆ ప్యాకేజీ ‘డీబీజీసిమ్’ (డీబగ్ సమాచారం) ఇన్‌స్టాల్ చేసి, జీడీబీ అనే డీబగ్గర్‌లో రన్ చేసి, ఆగాక ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపించే ‘బీటీ’ కొట్టండి. పైన అబార్ట్, ఫోర్టిఫై ఫెయిల్ లాంటి లైబ్రరీ ఫంక్షన్లు వరుసగా వస్తాయి, వాటి కింద మొట్టమొదట కనిపించే వ్యూయర్ సొంత ఫంక్షనే మీకు కావలసింది. ఒక్క జాగ్రత్త: డీబగ్ సులువవుతుందని ‘నోఆప్ట్’ (ఆప్టిమైజేషన్ వద్దనే ఆప్షన్) పెట్టి మళ్లీ బిల్డ్ చేయకండి. ఆప్టిమైజేషన్ లేకపోతే ఫోర్టిఫై పనిచేయదు, క్రాష్ మాయమైపోయి బగ్ పోయిందని అనుకుంటారు. నేను రెండు రోజులు అలా పోగొట్టుకున్నాను.

ఉప్పుకెరటం:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. హెడర్‌లో మీరు చెప్పిన అంకెలే ఉన్నాయి! క్రాష్ కూడా దొరికింది. వేరియబుల్ లాంగ్ నేమ్‌నీ యూనిట్లనీ కలిపి శీర్షిక తయారుచేసే చోట 80 అక్షరాల బఫర్‌లోకి పొడవు చూసుకోని ‘ఎస్‌ప్రింట్ఎఫ్’తో రాస్తున్నారు, నా ఫైళ్లలో లాంగ్ నేమ్ ఒక్కటే 90 దాటింది. హద్దు పాటించే ‘ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్’గా మారిస్తే ఆగిపోవడం తగ్గింది. ఫిల్ వాల్యూ పోలికని గుణకారానికి ముందుకు జరిపాను, భూభాగం ఖాళీ అయింది, ప్రవాహాలు కనిపిస్తుంటే చాలా సంతోషంగా ఉంది. ఇప్పుడు ఈ మార్పులు ఎవరికి పంపాలి? ప్యాకేజీ వాళ్లకా, అసలు రచయితలకా?

పాతఫైలు:

ఆ బఫర్ పైన అట్రిబ్యూట్ ఎలా చదువుతున్నారో కూడా చూడండి. అట్రిబ్యూట్ చదివే ‘ఎన్‌సీ గెట్ ఆట్ టెక్స్ట్’ ఇచ్చే అక్షరాల చివర, సీలో టెక్స్ట్ ముగిసిందని చెప్పే సున్నా ఉంటుందన్న హామీ లేదు. ముందు పొడవు అడిగి, ఒక బైట్ ఎక్కువ తీసుకుని, చివర సున్నా మనమే పెట్టాలి. ఇలాంటి పాత కోడ్‌లో ఆ ఒక్క లైను మర్చిపోయి ఉండటం చాలాసార్లు చూశాను.

పంపడం విషయానికొస్తే, ముందు ‘ఆప్ట్ సోర్స్’తో డెబియన్ సోర్స్ దింపి అందులో డెబియన్ ఫోల్డర్ కింద ప్యాచెస్ (కోడ్ మార్పుల ఫైళ్లు) చూడండి. అసలు ప్రాజెక్టులో లేని మార్పులు అక్కడే ఉంటాయి, మీ బగ్ వాటిలోంచి వస్తే అది ప్యాకేజీ బాధ్యులది. మీ రెండూ అసలు కోడ్‌లోనే ఉన్నాయి కాబట్టి ప్రాజెక్టుకి పంపండి, రెండు బగ్‌లకి రెండు ప్యాచ్‌లు విడివిడిగా. కలిపి పంపితే ఒకదాని మీద చర్చ తేలేదాకా రెండోది కూడా ఆగిపోతుంది. తర్వాత ‘రిపోర్ట్‌బగ్’తో డెబియన్‌కి కూడా రాయండి, ప్యాచ్ ట్యాగ్ పెట్టి, ప్రాజెక్టుకి పంపిన లింకు ఇవ్వండి. ప్యాచ్ పైన వివరణ, ఎక్కడి నుంచి వచ్చింది, ఫార్వర్డ్ చేశారా అన్న మూడు లైన్లుంటే మెయింటెయినర్‌కి సగం పని తగ్గుతుంది.

తెరచాప:

ఒక్క మాట కలుపుతాను, స్టేబుల్‌లోకి త్వరగా వస్తుందని మాత్రం ఆశపడకండి. సరిచేసినది ముందు డెబియన్‌లో కొత్త మార్పులు చేరే అన్‌స్టేబుల్‌కి వెళ్తుంది, అక్కడి నుంచి తర్వాతి విడుదల తయారయ్యే టెస్టింగ్‌కి. స్టేబుల్‌లో వెర్షన్ మార్చరు, ముఖ్యమైన చిన్న సవరణలైతే పాయింట్ రిలీజ్‌లో (స్టేబుల్‌కి మధ్యలో వచ్చే చిన్న సవరణల విడుదలలో) తీసుకుంటారు, తప్పు విలువలు చూపించే బగ్ కాబట్టి అడిగి చూడొచ్చు. అప్పటిదాకా మీ మెషిన్‌లో ప్యాచ్‌లు నిర్వహించే ‘క్విల్ట్’తో ప్యాచ్ పెట్టి, ప్యాకేజీ వెర్షన్ రాసే ‘డీసీహెచ్’కి లోకల్ ఆప్షన్ ఇచ్చి, ప్యాకేజీగానే బిల్డ్ చేసుకోండి. మీ వెర్షన్ చివర 3లోకల్1 అయితే అధికారికంగా 4 రాగానే అదే దాని స్థానంలోకి వచ్చేస్తుంది, పాత సొంత బిల్డ్ ఎక్కడో మిగిలిపోయి రెండేళ్ల తర్వాత కొంప ముంచదు.

ఉప్పుకెరటం:

చివరి సున్నా నిజంగానే లేదు, మూడో ప్యాచ్ అయింది. మూడూ ప్రాజెక్టుకి పంపాను, సీడీఎల్ ఫైల్ జత చేశాను. డెబియన్ రిపోర్టు ఈ రాత్రి రాస్తాను. నాన్ ఉన్న ఫైల్‌తో ఇంకా పరీక్షించలేదు, అది అయ్యాక ఇక్కడే చెప్తాను.