మలిచూలు మగబిడ్డకు పేరు: అనుజ్, సౌమిత్రి, నీలాద్రి

సభ్యులందరికీ నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మా అమ్మాయికి రెండో కాన్పులోనూ మగపిల్లవాడే పుట్టాడు. ఇరవై ఒకటో రోజున బారసాల పెట్టుకున్నాము; ఇంకా తొమ్మిది రోజుల వ్యవధి ఉంది. పెద్దవాడికి మా వియ్యంకుడుగారి తండ్రిగారి పేరు, సింహాద్రి అని, పెట్టుకున్నారు. చిన్నవాడి విషయంలో ఇంట్లో మూడు మాటలు నడుస్తున్నాయి. మూడింటిలోనూ భాషకు సంబంధించిన చిక్కులే ఉన్నాయి కనుక మీ ముందుకు తెచ్చాను.

అల్లుడుగారు అనుజ్ అంటున్నారు. అమ్మాయికి సౌమిత్రి మీద మనసుంది. మా ఇంటావిడ మాత్రం, బిడ్డది అనూరాధ రెండో పాదం కాబట్టి "నీ" అక్షరం దాటడానికి వీల్లేదని, నీలాచలం అని పెట్టమని పట్టుబట్టింది.

మొదట అనుజ్ సంగతి. "అను" అంటే తరువాత, "జ" అంటే పుట్టినది. రెండోవాడికి అర్థం అతికినట్టే ఉంది. కానీ సంస్కృత అకారాంత పుంలింగ శబ్దం తెలుగులోకి వచ్చినప్పుడు "డు" చేర్చుకుంటుంది. రామ శబ్దం రాముడైనట్టు ఇది అనుజుడు కావాలి. డువర్ణకం తీసేసి "అనుజ" అని వదిలితే తెలుగులో అది చెల్లెలు. అనుజ్ అని హల్లుతో ఆపడం తుది అకారాన్ని మింగేసే హిందీ పలుకుబడి. ఇక్కడే మా సరిహద్దు ఊళ్ళ చిక్కు మొదలవుతుంది. ఒడియాలో తుది అకారం పోదు. పైగా వాళ్ళ అకారం మన చెవికి ఒకారంలా వినిపిస్తుంది కనుక, రేపు బడిలో మాస్టారు హాజరు పిలిచేటప్పుడు వీణ్ణి "ఒనుజొ" అంటారు. ఆ ఒడియా అక్షరాలను అక్షరానికి అక్షరంగా తెలుగులోకి తెచ్చి చదివితే "అనుజ", అంటే ఆడపిల్ల పేరు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం ఇదే. తెలుగు అజంత భాష అని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఒడియా కూడా తత్సమ పదాల తుది అచ్చును వదలని భాషే. మన ప్రశాంత్ వాళ్ళకు ప్రొశాంతొ, మన వికాస్ వాళ్ళకు బికాసొ. ఇరుగుపొరుగు భాషలు రెండూ మాట చివర అచ్చును కోరుకుంటుంటే, ఆ ఇద్దరి మధ్య పెరిగే పిల్లవాడికి రెండింటికీ సరిపడని పొల్లుతో ముగిసే పేరు ఎందుకు పెట్టాలి? ఈ ప్రశ్న అల్లుడుగారిని అడిగాను. ఆయన కాదనలేదు, ఆలోచిస్తామన్నారు.

పేరు నోట మారితే మారనిమ్మని తీసిపారేయలేను, ఎందుకంటే ఆ మార్పు కాగితం మీదికి ఎక్కుతుంది. నా పేరు వాసుదేవరావు. ఒడియా మాటల్లో మన వకారం చాలావరకు బకారమే కనుక బడిలో నన్ను బాసుదేబొ అని రాసుకున్నారు, ఇంగ్లీషులోకి వెళ్ళినప్పుడు అదే బకారంతో వెళ్ళింది. సరిహద్దుకు అవతల పాతపట్నం దగ్గర మాకున్న కొద్దిపాటి పొలం కాగితాల్లో మాత్రం నేను వకారంతో ఉన్నాను. మా నాన్నగారు పోయాక ఆ పొలం నా పేరున మార్పించుకోవడానికి, బకారంతో మొదలయ్యే మనిషీ వకారంతో మొదలయ్యే మనిషీ ఒకరేనని అఫిడవిట్ రాయించి, ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని, ఒక కార్యాలయం చుట్టూ ఏడాదిలో ఆరుసార్లు తిరిగాను. ఆరోసారి గుమస్తా నా రెండు సంతకాలను పక్కపక్కన పెట్టి, వేలితో ఒక్కొక్క అక్షరం తడిమి చూసినప్పుడు కలిగిన బాధ నాకింకా గుర్తుంది. మనవడికి ఆ తిప్పలు రాకూడదు.

అందుచేత పేర్లను ఇలా పరీక్షించుకుంటూ వచ్చాను. వకారం ఉంటే బకారమవుతుంది. మొదట యకారం ఉంటే జకారమవుతుంది, యాదవుడు జాదబుడైనట్టు. హ్రస్వ అకారం ఎక్కడున్నా ఒకారం వైపు జారుతుంది. కనుక రవి రొబి అవుతాడు, హరి హొరి అవుతాడు. మురారి లాంటి పేరు మాత్రం రెండు నోళ్ళలోనూ చెక్కుచెదరదు.

సౌమిత్రి కూడా ఈ పరీక్షకు నిలుస్తుంది. పలకడానికి ఎంతో మృదువైన పేరు, ఇకారాంతం కావడం వల్ల డువర్ణక బెడదా లేదు. కాని నామకరణానికి యాజ్ఞికులు పాటించే నియమాలను పతంజలి మహాభాష్యంలో ప్రస్తావిస్తూ "ద్వ్యక్షరం చతురక్షరం వా నామ కృతం కుర్యాన్న తద్ధితమ్" అన్నాడు. రెండక్షరాలో నాలుగక్షరాలో ఉండాలి, ధాతువుకు చేరే కృత్ప్రత్యయంతో ఏర్పడాలి, తద్ధితం, అంటే నామానికి ప్రత్యయం చేరి ఏర్పడిన మాట, కారాదు. మొదటి అచ్చు వృద్ధి (ఆ, ఐ, ఔ) కూడా కాకూడదని అక్కడే ఉంది. సుమిత్ర కొడుకు అనే అర్థంలో తద్ధిత ప్రత్యయం చేరి, ఆ ప్రత్యయం వల్లనే మొదటి ఉకారానికి వృద్ధి వచ్చి సౌమిత్రి అయింది కాబట్టి ఆ పేరు ఈ నియమాలను దాటుతుంది. రాఘవుడూ తద్ధితమే, నా పేరులోని వాసుదేవుడూ తద్ధితమే. లోకం ఈ నియమాన్ని ఎప్పుడో పక్కన పెట్టింది కనుక దీన్ని చూపి అమ్మాయి కోరిక కాదనడం నాకిష్టం లేదు. నా అభ్యంతరం వేరు. సౌమిత్రి అనగానే అన్నగారి వెనుక విల్లు పట్టుకుని నడిచే లక్ష్మణుడే కళ్ళముందు నిలుస్తాడు. అనుజుడన్నా అంతే, అన్న ఉంటేనే ఆ మాటకు అర్థం. మా ఉత్తరాంధ్ర ఊళ్ళలో పెదప్పన్న, చినప్పన్న అని ఒకే పేరును అన్నదమ్ములకు పంచే ఆచారమూ ఉండేది. మలిచూలు బిడ్డకు మలి అన్న గుర్తు పేరులోనే ఉండిపోవడం నాకు నచ్చదు.

ఇక నీలాచలం. అమ్మాయికి అది మరీ పాతకాలపు పేరుగా తోచింది. అచలమన్నా అద్రి అన్నా కొండే కదా, నీలాద్రి అంటే ఎలా ఉంటుందని నేను అడిగాను. నీల, అద్రి కలిసి సవర్ణదీర్ఘసంధితో ఏర్పడిన కర్మధారయం. పెద్దవాడు సింహాద్రి, అప్పన్న కొండ. చిన్నవాడు నీలాద్రి, పూరీ జగన్నాథుని కొండ. ఇద్దరికీ ఉత్తరపదం ఒక్కటే అయినా ఒకరి పేరు రెండోవారి పేరు మీద ఆధారపడలేదు. మొదటి అచ్చు వృద్ధి కాదు, పేరు తద్ధితమూ కాదు. అక్షరాల లెక్క మాత్రం తప్పుతుంది, మూడే ఉన్నాయి. మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.

బరంపురం నుంచి ఒక సభ్యురాలి జవాబు:

వాసుదేవరావుగారికి నమస్కారం. నేను తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నాను. నీలాద్రి నాకెంతో నచ్చింది, కాని ఒక్కటి గమనించండి. ఒడియాలో అది నీళాద్రి. అచ్చుల నడుమ ఒంటరిగా ఉన్న లకారాన్ని వాళ్ళు చాలాచోట్ల ళకారంగా పలుకుతారు, రాస్తారు. గోపాళ, కమళ అన్నట్టుగానే నీళ. తెలుగు చెవికి నీళాద్రి అంటే నీళ్ళ కొండ అనిపించే ప్రమాదం ఉంది. అయితే శ్రీ, భూ, నీళా అని వైష్ణవాలయాల్లో రోజూ వింటున్నాం కాబట్టి ఆ ళకారం మనకు పరాయిది కాదు. మరొకటి, ఇంగ్లీషులో మనవాళ్ళు "నీ" కోసం రెండు ఈలు వేస్తారు, ఒడియా వాళ్ళు ఒక్క ఐతో సరిపెడతారు. మీకు ఆరు తిరుగుళ్ళు తిప్పిన బకార వకారాల చిక్కు ఈ ఐ, ఈల రూపంలో మళ్ళీ రాకుండా ముందే తేల్చుకోండి. రథయాత్ర ముగిశాక స్వామి తిరిగి గుడిలోకి ప్రవేశించే రోజును నీలాద్రి బిజె అంటారని మీకు తెలిసే ఉంటుంది. ఆ బిజె మన విజయమే. పాత తెలుగులో విజయం చేయడమంటే పెద్దలు విచ్చేయడం. బిడ్డ ఇంటికి వచ్చిన వేళకు తగిన పేరు.

రాయగడ నుంచి మరొకరు:

అయ్యా, ఒడియా వాళ్ళ నోటికి తగినట్టు మన పేర్లు మార్చుకోవడం నాకు కష్టంగా ఉంది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడిన నాటినుంచి ఇక్కడి తెలుగువాళ్ళం బడిలోనూ కచేరీలోనూ సర్దుకుంటూనే ఉన్నాం. పేరు ఒక్కటైనా మన ఇష్టప్రకారం ఉండనివ్వండి. వాళ్ళు తప్పు పలికితే సరిదిద్దడం పిల్లవాడికి నేర్పించవచ్చు.

పర్లాకిమిడి నుంచి మళ్ళీ నేను:

ఇద్దరికీ కృతజ్ఞతలు. రాయగడవారి బాధ నాది కూడా. కాని ఒడియా పలుకుబడి తప్పు కాదని మనవి చేస్తున్నాను; అది వాళ్ళ భాష ధర్మం, మన జ్ఞానాన్ని వాళ్ళు గ్యానమన్నప్పుడు మనం గ్నానమంటున్నట్టే. నోట పలికే మాటకు విలువ కట్టాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. పలికేవాళ్ళను అడుగడుగునా సరిదిద్దే పని ఆరేళ్ళ పిల్లవాడి మీద పెట్టడం నాకు న్యాయంగా తోచలేదు. పైగా నీలాద్రి కోసం మనం వదులుకున్నదేమీ లేదు. శేషాద్రి, వేంకటాద్రి, సింహాద్రి అని తరతరాలుగా పిలుచుకుంటున్న వరుసలోదే ఈ పేరు.

నిన్న రాత్రి అల్లుడుగారు పెద్దవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని "సింహాద్రి, నీలాద్రి" అని రెండుమూడుసార్లు పైకి అని చూసుకున్నారు. తరువాత వాళ్ళ అమ్మగారికి ఫోను చేసి పేరు కుదిరిందని చెప్పారు. అమ్మాయి సౌమిత్రిని ఇంటి పిలుపుకు ఉంచుకుంటానంది. అందుకు అందరం సమ్మతించాము.

బరంపురం అమ్మగారు చెప్పిన రెండు విషయాలూ తేల్చుకున్నాము. జనన ధ్రువపత్రంలో ఒక్క ఐతోనే రాయిస్తాము, ఆధార్‌లోనూ అదే అక్షరక్రమం ఉంటుంది. బారసాల నాడు ఇత్తడి పళ్ళెంలో బియ్యం పరిచి అల్లుడుగారు ఉంగరంతో తెలుగులో నీలాద్రి అని లకారంతో రాస్తారు. దాని కింద ఒడియా లిపిలో ళకారంతో రాయడానికి పక్కింటి మాస్టారిని రమ్మన్నాను. ద్రి అక్షరం బియ్యంలో కుదురుగా రావాలంటే వెడల్పాటి పళ్ళెం కావాలని మా ఇంటావిడ అటక మీది పెద్ద పళ్ళెం దింపించి, చింతపండుతో తోమి ఆరబెట్టింది.