‘మోడల్’కి తెలుగులో ఏం రాయాలి? నమూనా అని రాసి ఇరుక్కున్నాను

గోదావరి గట్టు

అందరికీ నమస్కారం. రాజమండ్రిలో ఇంటి దగ్గర నుంచే అనువాదాలు చేస్తుంటాను. పన్నెండేళ్ళుగా ఇదే పని. మందు సీసాతో మడిచి పెట్టే కాగితం నుంచి మిక్సీ గ్యారంటీ కార్డు దాకా ఏది వస్తే అది చేస్తాను. మాటకింత అని లెక్క కాబట్టి ఒక్క మాట దగ్గర మూడు రోజులు కూర్చుంటే గిట్టదు. కానీ ఈ వారం కూర్చున్నాను.

ఒకేసారి మూడు పనులు వచ్చాయి. ఒకటి నదుల మీద ఇంజనీర్లు రాసిన రిపోర్టు. రెండోది కంప్యూటర్‌కి భాష ఎలా నేర్పిస్తారో కాలేజీ పిల్లలకి చెప్పే పాఠం. మూడోది బట్టల కేటలాగ్. మూడింట్లోనూ మోడల్ ఉంది. అలవాటు కొద్దీ పదాల పట్టికలో ‘మోడల్ అంటే నమూనా’ అని పెట్టేశాను. ఇక సాఫ్ట్‌వేర్ కనిపించిన చోటల్లా నమూనా దింపుకుంటూ పోయింది. శాంపిల్‌కి కూడా నమూనాయే అని అదే పట్టికలో నాలుగేళ్ళ కిందట నేనే రాసుకున్నానన్న సంగతి గుర్తులేదు.

నది రిపోర్టులో ఒక వాక్యం ఇలా తేలింది: “నమూనాలోని నీటి నమూనాను పరీక్షించాక నమూనాను సరిచేశారు.” కంప్యూటర్ పాఠంలో: “ఎక్కువ నమూనాలు చూపించేకొద్దీ నమూనా మెరుగుపడుతుంది.” కేటలాగ్‌లో: “నమూనా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు.” పాపం ఆ అమ్మాయి. సరిచూసే ఆయన వీటన్నిటికీ ఎర్రగీతలు పెట్టి, మొదటి దాని పక్కన ఒక్క ముక్క రాశాడు: “ఎవరు ఎవరిని పరీక్షించారమ్మా?”

నవ్వుకున్నాను గానీ, తర్వాత లెక్క వేస్తే అసలు మనం మోడల్‌ని ఎన్ని రకాలుగా వాడుతున్నామో చూసి టెన్షన్ వచ్చింది. పరీక్షకి ముందు మోడల్ పేపర్ అంటే మాదిరి ప్రశ్నపత్రం. మోడల్ స్కూల్ దగ్గరికి వచ్చేసరికి మాదిరి కాస్తా ఆదర్శ అయింది, ఆదర్శ పాఠశాల. ఎన్నికల మోడల్ కోడ్‌లో పేపర్లవాళ్ళు మోడల్‌నే ఎగరగొట్టేసి ‘ఎన్నికల కోడ్’ అని సరిపెట్టుకుంటున్నారు. మా ఆయన తన బండిని “పదహారు మోడల్” అంటారు. అక్కడ మోడల్ అంటే ఏడాది! మా అబ్బాయి సైన్స్ ఎగ్జిబిషన్‌కి థర్మకోల్‌తో చేసిన అగ్నిపర్వతం కూడా మోడలే. అది ఇప్పటికీ అటక మీద ఉంది.

అందుకే అడుగుతున్నాను. మీరు చేసే పనిలో మోడల్ అంటే ఏది? నోటితో ఏమంటారు? డిక్షనరీలో ఉన్నది వద్దు, అది నా దగ్గరా ఉంది. షాపులో, సైటులో, క్లాసులో అనే మాట కావాలి. సోమవారం పొద్దున్నకల్లా ఇచ్చెయ్యాలి.

సూటిగా

మోడల్ అనే రాసి పడెయ్యండి మేడమ్. బస్సుకి, టికెట్‌కి లేని పట్టింపు దీనికెందుకు?

గోదావరి గట్టు

కేటలాగ్‌కి అదే చేశానండీ, హాయిగా సరిపోయింది. కానీ రిపోర్టు ఇచ్చినవాళ్ళు తెలుగు మాటే కావాలన్నారు. పైగా ఇదంతా ఒకే మాట కింద ఎలా చేరిందో తెలుసుకోవాలని నాకే ఉంది.

పాత ఫౌండ్రీ

అమ్మా, నేను బాలానగర్‌లో 31 ఏళ్ళు ప్యాటర్న్ షాపులో చేశాను. నేను చెప్తుంటే మా మనవరాలు టైపు చేస్తోంది.

మా దగ్గర మోడల్ అనరు, ప్యాటర్న్ అంటారు. పంపు బాడీ పోత పోయాలంటే ముందు టేకుతో అలాంటిదే ఒకటి చేస్తాం. దాన్ని పెట్టెలో పెట్టి చుట్టూ ఇసుక కూరి, గట్టిగా దట్టించి, మెల్లగా ప్యాటర్న్ పైకి తీస్తే ఇసుకలో గుంట మిగులుతుంది. కరిగిన ఇనుము ఆ గుంటలో పోస్తాం.

‘అలాంటిదే’ అన్నాను గానీ అచ్చంగా అలాంటిది కాదు. ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది. పోత ఇనుముకి మీటరుకి సుమారు 10 మిల్లీమీటర్లు, ఉక్కుకి 20. అందుకని ప్యాటర్న్ ఆ మేరకు పెద్దగా చేయాలి. దానికి వేరే స్కేలు ఉంటుంది, కాంట్రాక్షన్ స్కేలు. పోత ఇనుము స్కేలు మీద 100 అని ఉన్న చోట మామూలు స్కేలు ఆనిస్తే 101 చూపిస్తుంది. పైకి చూస్తే రెండూ ఒకటే.

పనిలో చేరిన కొత్త. మేస్త్రీ భోజనానికి వెళ్ళినప్పుడు ఆయన చేసిన బెడ్ ప్లేటు ప్యాటర్న్‌ని నా మామూలు స్కేలుతో కొలిచాను. 600 ఉండాల్సింది 606 ఉంది. పెద్దాయన కళ్ళు మందగించాయి, పరువు కాపాడదాం అనుకుని చిత్రిక పట్టి ఆ ఆరూ తీసేశాను. రెండు పోతలు పోసి, మిషన్ షాపుకి వెళ్ళాక గానీ తెలియలేదు. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. ఆ ప్యాటర్న్‌ని నా బెంచీ ఎదురుగా గోడకి మేకు కొట్టి వేలాడదీశాడు. ఎనిమిదేళ్ళు అక్కడే ఉంది.

ఇంకో సంగతి. ప్యాటర్న్ మీద కొన్ని ముక్కలు బయటికి పొడుచుకుని ఉంటాయి. తయారైన వస్తువులో అవి ఉండవు. లోపల బోలు రావడానికి ఇసుకతో చేసిన కోరు పెడతాం కదా, అది కూర్చోవడానికి ఆ ముక్కలు చోటు చేస్తాయి. తెలియనివాళ్ళు చూస్తే ఇదేమిటి వికారంగా ఉంది అంటారు.

మీ ప్రశ్నకి వస్తే, మాకు ప్యాటర్న్ ముందు, వస్తువు తర్వాత. మీ నది రిపోర్టులో అది తిరగబడింది. నది ముందే ఉంది, దాన్ని చూసి మోడల్ చేసుకున్నారు. ఈ రెంటికీ ఒకే మాట ఎలా పెడతారమ్మా?

టేపూ కత్తెరా

పెద్దాయన ప్యాటర్న్ అంటే నాకు నవ్వొచ్చింది. మా దగ్గరా ప్యాటర్నే, కాకపోతే అట్ట ముక్క. గార్మెంట్ యూనిట్‌లో శాంపిల్ సెక్షన్‌లో ఆరేళ్ళు చేశాను.

అక్కడ ఫిట్ మోడల్ అని ఒకరుంటారు. ర్యాంపు మీద నడవదు, ఫోటో కూడా ఎవరూ తీయరు. ఆమె ఒంటి కొలతలు సైజు ఎం‌కి సరిగ్గా సరిపోతాయి, అంతే. ప్రతి కొత్త డిజైన్ ముందు ఆమెకే తొడిగి, పిన్నులు గుచ్చి, చెయ్యెత్తు, కూర్చో, వంగు అంటారు. ఆమెకి కుదిరాక అందులోంచి మిగతా సైజులు పెంచుతారు, తగ్గిస్తారు. మా దగ్గర చేసే అక్క సంక్రాంతికి ఊరెళ్ళి పది రోజులు అరిసెలు తిని వచ్చింది. రెండు రోజులు టైలర్ మీద అరుపులే, నడుం దగ్గర తప్పు కుట్టావని. మూడో రోజు ఎవరికో తట్టి టేపు అక్క నడుముకి పెట్టారు. ముప్పావు అంగుళం!

మా సెక్షన్‌లో కుట్టిన బట్ట శాంపిల్, తొడుక్కున్న మనిషి మోడల్. నమూనా అన్న మాట ఆరేళ్ళలో ఒక్కసారి కూడా వినలేదు.

రిటైర్డ్ ఈఈ

ఇరిగేషన్‌లో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (ఈఈ)గా చేసి రిటైరయ్యాను. మేము మోడల్ అనే అంటాం, చేసే పనిని మోడల్ స్టడీ అంటాం. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం ఉంది. 1916లో మొదలైంది. పోలవరం స్పిల్‌వేకి, అంటే వరద నీళ్ళు కిందికి వదిలే గేట్ల కట్టడానికి కూడా అక్కడే మోడల్ కట్టి నీళ్ళు వదిలి చూశారు. ఆ స్పిల్‌వేకి 48 గేట్లు, 50 లక్షల క్యూసెక్కుల వరద తట్టుకోవాలని డిజైన్. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వచ్చినది సుమారు 35 లక్షలు. ఆ రోజులు చూసినవాళ్ళకి 50 అంటే ఏమిటో అర్థమవుతుంది.

ఫౌండ్రీ పెద్దాయన అన్నట్టే మాకూ ‘అలాంటిదే’ కుదరదు. లెక్క సులువుగా ఉండడానికి నూరో వంతు మోడల్ అనుకోండి. పొడవు నూరో వంతు అయితే ప్రవాహం కూడా నూరో వంతు అనుకుంటారు. కాదు, లక్షో వంతు. అంటే 50 లక్షల క్యూసెక్కుల వరద 50 క్యూసెక్కుల్లో వచ్చేస్తుంది. కాలం మాత్రం పదో వంతు అవుతుంది. నదిలో 24 గంటల వరద మోడల్‌లో 2 గంటల 24 నిమిషాల్లో అయిపోతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్ళు వాచీ చూసుకుని తికమకపడేవాళ్ళు.

మీరు గట్టు మీద ఉంటారు కాబట్టి ఇంకో లెక్క చెప్తాను. మీ దగ్గర గోదావరి వెడల్పు 3 కిలోమీటర్లు, లోతు 9 మీటర్లు అనుకుందాం. 300వ వంతుకి దింపితే వెడల్పు 10 మీటర్లు, బాగానే ఉంది. లోతు? 3 సెంటీమీటర్లు. నేల తుడిచిన నీళ్ళలా పారుతుంది, అది నదిలా నడవదు. అందుకని నది మోడల్‌లో లోతుకి వేరే స్కేలు పెడతాం. లోతుకి 60వ వంతు తీసుకుంటే 15 సెంటీమీటర్లు వస్తుంది. అంటే లోతుని కావాలనే అయిదింతలు ఎక్కువ చేసి చూపిస్తున్నాం. గట్లు నిటారుగా, వింతగా కనిపిస్తాయి. దీన్ని ‘డిస్టార్టెడ్ మోడల్’ అంటారు. మీ రిపోర్టులో ఈ మాట వస్తే ‘వికృత నమూనా’ అని రాయకండి దయచేసి. ఒకసారి అలా రాసినది సంతకానికి నా టేబుల్ మీదికే వచ్చింది.

గోదావరి గట్టు

అయ్యో! 14వ పేజీలో సరిగ్గా అలాగే రాశాను. ఇప్పుడే మారుస్తున్నా.

లెక్కల పంతులమ్మ

డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను, సికింద్రాబాద్. మా దగ్గర మోడల్‌ని చేత్తో పట్టుకోలేం, అది కాగితం మీద సమీకరణం. పిల్లలకి రొనాల్డ్ రాస్‌తో మొదలుపెడతాను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోనే ఆయన దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు, 1902లో నోబెల్ వచ్చింది. ఇంతవరకూ అందరికీ తెలుసు. తర్వాత ఆయన లెక్కల్లోకి దిగాడన్నది పిల్లలు ఎప్పుడూ వినలేదంటారు.

దోమల్ని తగ్గించి మలేరియా ఆపాలంటే, ప్రతి దోమనీ చంపడం అయ్యే పనేనా అని అందరూ కొట్టిపారేసేవాళ్ళు. రాస్ ఏం చేశాడంటే, ఊళ్ళో జనం ఎందరు, జబ్బున్నవాళ్ళు ఎందరు, మనిషికి దోమలు ఎన్ని, అందులో ఎన్ని కుడతాయి, ఎన్ని బతికి ఇంకొకరిని కుడతాయి, వీటన్నిటినీ గొలుసులా కలిపి రాశాడు. అన్ని దోమలూ పోనక్కర్లేదు, మనిషికి ఇన్ని అన్న హద్దు కంటే కిందికి దిగితే జబ్బు దానంతటదే తగ్గిపోతుందని తేలింది. ఇది సూక్ష్మదర్శినిలో కనిపించేది కాదు. సమీకరణం రాస్తేనే తెలుస్తుంది. నిజమైన దోమకి గాలి, వాన, కప్పలు, తూనీగలు ఎన్నో అడ్డు. ఆయన వాటిని వదిలేశాడు. పైవాళ్ళు పెంచారు, లోతుకి స్కేలు మార్చారు, ఇక్కడ వదిలేయడమే పని.

మాట విషయం: క్లాసులో నేను ‘నమూనా’ని శాంపిల్‌కే ఉంచుతాను, ‘నమూనా సర్వే’ అందరికీ తెలిసిన మాట కదా. మోడల్‌ని మోడల్ అనే అంటాను. రెండూ నమూనా అంటే మీకు ఒక్క ఎర్రగీత, నాకు అరవై జవాబు పత్రాలు.

గోదావరి గట్టు

అందరికీ ఎంతో థాంక్స్. పదాల పట్టిక మళ్ళీ రాసుకున్నాను. నమూనా ఇక శాంపిల్‌కి మాత్రమే. కంప్యూటర్ పాఠంలో ‘భాషా మోడల్’, దాని పక్కన ఉదాహరణలు. అసలక్కడ శాంపిల్‌ని ఉదాహరణ అంటే పోయేది, ఇన్నాళ్ళూ తట్టలేదు. “ఎక్కువ ఉదాహరణలు చూపించేకొద్దీ మోడల్ మెరుగుపడుతుంది.” చదివితే మనిషి రాసినట్టుంది. అక్కడా పంతులమ్మగారు చెప్పినదే, మనం మాట్లాడే దాంట్లో ఒక మాట తర్వాత ఏ మాట వస్తుందన్న లెక్క మాత్రం పట్టుకుని మిగతాది వదిలేస్తుందట. నది రిపోర్టులో మొదటిసారి ‘చిన్న స్కేలులో కట్టిన నది’ అని విడమరిచి, తర్వాత మోడల్ అంటాను. తెలుగు మాటే కావాలన్నవాళ్ళకి ఈఈ గారి మూడు సెంటీమీటర్ల గోదావరి సంగతి ఫోన్‌లో చెప్తే ఒప్పుకున్నారు. డిస్టార్టెడ్‌కి ‘లోతు పెంచిన మోడల్’.

పోత పోసే ప్యాటర్న్‌కి మాత్రం ‘అచ్చు’ అని రాసి పెట్టుకున్నాను. ఎప్పటికైనా పనికొస్తుంది.

పాత ఫౌండ్రీ

తప్పమ్మా. అచ్చు అంటే ఇసుకలో మిగిలిన గుంట. ప్యాటర్న్ ఆ గుంట పడేట్టు చేసేది. పోత అయ్యాక అచ్చు పగలగొట్టేస్తాం, ప్యాటర్న్ తుడిచి మళ్ళీ బీరువాలో పెడతాం.

గోదావరి గట్టు

మార్చాను బాబాయ్‌గారూ. ప్యాటర్న్ అనే ఉంచాను.