జెర్రీ రైస్ 2004 సీజన్‌లో 17 మ్యాచ్‌లు ఎలా ఆడారు?

అమెరికన్ ఫుట్‌బాల్ వైడ్ రిసీవర్ జెర్రీ రైస్ క్రీడాజీవితాన్ని సంవత్సరాల వారీగా తెలుగులో పట్టికగా రాస్తున్నాను. ఒక్క 2004 దగ్గర లెక్క కుదరడం లేదు. ఆ ఏడాది అక్టోబరులో ఓక్లాండ్ రైడర్స్ ఆయనను సియాటిల్ సీహాక్స్‌కు బదిలీ చేసింది. రైడర్స్ తరఫున 6, సీహాక్స్ తరఫున 11, వెరసి 17 మ్యాచ్‌లని గణాంకాల్లో ఉంది. అప్పట్లో ఏ జట్టుకైనా సాధారణ సీజన్‌లో 16 మ్యాచ్‌లే ఉండేవి కదా!

అచ్చుతప్పేమోనని మొత్తం కూడి చూశాను. 1985 నుంచి 2000 వరకు శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌కు 238 (ఆటగాళ్ల సమ్మె వల్ల 1987లో 12 మాత్రమే, మోకాలి గాయంతో 1997లో 2), రైడర్స్‌కు 54, సీహాక్స్‌కు 11 కలిపితే అధికారిక మొత్తమైన 303 సరిగ్గా వస్తోంది. 2004లో 16 అని వేస్తే ఒకటి తగ్గుతుంది. సీహాక్స్ ఆడిన ప్లేఆఫ్ మ్యాచ్ ఇందులో కలిసిందేమో అనుకున్నాను గానీ, ప్లేఆఫ్ లెక్కలు వేరుగానే ఉంటాయి.

రెండు జట్ల విరామ వారాలు (సీజన్ మధ్యలో జట్టుకు మ్యాచ్ లేని వారం) వేర్వేరుగా పడటం వల్లనే, ఆ రెండు విరామాలూ తప్పిపోయి, ఆయనకు ఈ పదిహేడో మ్యాచ్ దక్కిందా?