మరణాంతకమా, మరణాంతికమా?

గోదారిగట్టు: ఊరి లెక్కలు రాసే కరణాల మీది ఒక కందం నాలుక చివర ఆడుతోంది, పట్టుబడటం లేదు. "కరణముఁ గరణము నమ్మిన మరణాం..." ఆ తర్వాత? 1957 అమెరికా మహిళల ఓపెన్ గోల్ఫ్ గురించి చదువుతుంటే గుర్తొచ్చింది. వింగ్డ్ ఫుట్ క్లబ్బులో ఆఖరి రౌండు. జాకీ పంగ్, బెట్టీ జేమ్సన్ ఒకరి లెక్క ఒకరు రాయాలి. నాలుగో హోల్‌కి ఇద్దరికీ ఆరేసి దెబ్బలు పట్టాయి, ఇద్దరి కార్డుల్లోనూ ఐదే పడింది. కింద మొత్తం సరిగ్గానే ఉంది, కానీ పంగ్ చూసుకోకుండా సంతకం పెట్టేసింది. ఈ ఆటలో తక్కువ దెబ్బలదే గెలుపు; 298తో గెలిచిన మనిషిని, ఆ ఒక్క హోల్‌కి తక్కువ లెక్క మీద సంతకం పెట్టినందుకు ఆటలోంచే తీసేశారు. 299 కొట్టిన బెట్సీ రాల్స్‌కి కప్పు.

చంపకమాల: "మరణాంతక మౌను గాని మనలేడు సుమీ". సుమతి శతకం కదండీ!

పాతపలక: అంతకుడంటే యముడు. మరణాంతకమంటే చావునే చంపేది! శివుడికి బిరుదుగా బాగుంటుంది, కరణానికేం శాపం? "మరణాంతికము" అయ్యుండాలి. ఏ వ్రాయసగాడో "త"కి గుడి ఎగ్గొట్టాడు.

చంపకమాల: గుడి ఉన్నా లేకున్నా అది సగణమే (రెండు లఘువులు, ఒక గురువు), ఛందస్సు మీకు సాక్ష్యానికి రాదు. "ప్రాణాంతకం" నోట్లో నానిన జనం దాని వరసలోనే ఇదీ అనుంటారు.

పాతపలక: జనం అంటే ఒప్పయిపోతుందా? పోనీ "మరణాంత మౌను" అందామంటే బేసి గణంలో జగణం (లఘువు, గురువు, లఘువు) పడుతుంది, కందంలో అది కూడదు.

మెట్టతామర: అక్షరం సరే, అసలు పద్యమే అతకలేదు. కరణాలు కావాలని ముంచుకుంటారు, వీళ్ళది పొరపాటు. పాపం జేమ్సన్‌నీ తీసేశారు. పద్యంలో తర్వాత వచ్చే "తన సరి కరణము" కావాలంటే రాల్స్‌ని చూడండి. 1953లో రోచెస్టర్‌లో ప్లేఆఫ్ ఆడి 71–77తో పంగ్‌ని ఓడించింది కూడా ఆవిడే. లెక్కల కష్టానికి, బొడ్డుపల్లె గుత్తకి తీసుకుని శిస్తు కట్టలేకపోయిన శ్రీనాథుణ్ణి మించినవాడెవరు? "ఎట్లు చెల్లింతు టంకంబు లేడు నూర్లు"! పంగ్ నయం. క్లబ్బువాళ్ళు చందాలు వేసుకుని, 1,800 డాలర్ల మొదటి బహుమతి కన్నా ఎక్కువే చేతిలో పెట్టారు. కనకాభిషేకం జరిగిన కవికి బొడ్డుపల్లెలో ఆ దిక్కూ లేకపోయింది.

పాతపలక: ఆ పాదం ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. "బొడ్డుపల్లెను గొడ్డేరి మోసపోతి"లో గొడ్డేరి ఏమిటి? గొడ్డు ఏరా?

చంపకమాల: ఏరైతే బండి ఱ పడాలి మాస్టారూ. మీ ప్రతిలో ఏముంది?