సూర్యోదయం ఫొటోకు బ్రాకెటింగ్ ఇంకా అవసరమా, ఒక్క రా ఫైలు చాలదా?

ఎంవీపీ కాలనీ సభ్యుడు (చర్చ ప్రారంభం)

గత ఆదివారం తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర మా మిత్రబృందంలో మొదలైన వాదన తేలకుండానే మిగిలిపోయింది కాబట్టి దానిని ఇక్కడ సభ్యుల ముందు ఉంచుతున్నాను. సూర్యుడు సముద్రం మీదికి వచ్చే వేళ ఆకాశపు వెలుగుకూ, మనవైపు నీడలో ఉన్న బోట్లకూ మధ్య తేడా చాలా ఎక్కువ. అందుకే ఒకే దృశ్యాన్ని తక్కువ, మధ్యస్థ, ఎక్కువ ఎక్స్‌పోజర్లతో వెంటవెంటనే మూడుసార్లు తీసి, ఇంటికి వచ్చాక కలిపే బ్రాకెటింగ్ పద్ధతిని నేను ఏళ్లుగా పాటిస్తున్నాను. ఈనాటి మంచి ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సైజు) సెన్సర్లు కనీస ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే స్థాయి) దగ్గర దాదాపు 14 స్టాపుల తేడా వరకు (ఒక్కో స్టాపు అంటే వెలుగు రెట్టింపు) పట్టుకుంటున్నాయి కనుక ఇక బ్రాకెటింగ్‌తో పనిలేదని, సెన్సర్ నమోదుచేసిన సమాచారాన్ని యథాతథంగా దాచే ఒక్క రా ఫైలు చాలని మిత్రులు అంటున్నారు. మీరేమంటారు?

గాజువాక సభ్యుడు

మీ మిత్రుల మాటే సరైనదని నా అభిప్రాయం. లంగరు వేసిన బోటు కూడా ఒక్క క్షణం నిలకడగా ఉండదు. మూడు ఫ్రేములు కలిపితే ఒక్క తెరచాప కొయ్య మూడు కొయ్యలవుతుంది. సాఫ్ట్‌వేరులో ఆ దయ్యపు నీడలను తీసేయమని అడిగితే అది చేసేదల్లా కదిలిన చోట ఏదో ఒక్క ఫ్రేమునే వాడుకోవడం, అంటే ఆ భాగంలో మీకు చివరికి దక్కేది ఒకే ఎక్స్‌పోజర్. గూగుల్ పరిశోధకులు 2016లో వివరించిన హెచ్‌డీఆర్ ప్లస్ అనే ఫోన్ కెమెరా పద్ధతిలో కూడా బ్రాకెటింగ్‌ను కావాలనే పక్కనపెట్టి, ఒకే రకంగా తక్కువ ఎక్స్‌పోజర్ ఇచ్చిన ఫ్రేములను వరుసగా తీసి కలిపారు. ఆకాశం పూర్తిగా తెల్లగా మారకుండా ఒక్క ఫ్రేము తీసి, నీడలను తరువాత సాఫ్ట్‌వేరులో పైకి లేపుకోవడమే (వెలుగు పెంచుకోవడమే) మేలు.

భీమిలి సభ్యురాలు

గాజువాక మిత్రులు బోట్ల కదలిక గురించి చెప్పినది పూర్తిగా నిజం. అయితే నీడలను తరువాత లేపుకోవచ్చన్న మాట దగ్గర కొంచెం లెక్క చూడాలని కోరుతున్నాను. లెన్సు రంధ్రం ఎఫ్/8 దగ్గర ఉంచితే మధ్య ఫ్రేము వెలుగు తీసుకునే సమయం సెకనులో 250వ వంతు అనుకుందాం. రెండు స్టాపుల తేడాతో బ్రాకెట్ చేస్తే చీకటి ఫ్రేము 1000వ వంతు, వెలుగు ఫ్రేము దాదాపు 60వ వంతు అవుతాయి. ఈ రెండింటి మధ్య నాలుగు స్టాపులు, అంటే పదహారు రెట్ల వెలుగు ఉంది. 1000వ వంతు ఫ్రేములోని నీడను నాలుగు స్టాపులు లేపినప్పుడు మనం చూసేది పదహారో వంతు వెలుగుతో నమోదైన నీడనే. వెలుగు కణాల సహజమైన హెచ్చుతగ్గుల వల్ల వచ్చే నాయిజ్ (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు), ఆ నీడలో అసలు వివరంతో పోలిస్తే నాలుగు రెట్లు పెరుగుతుంది. సెన్సర్ తనంతట తాను చేర్చే నాయిజ్ దీనికి అదనం. ఫోను తెర మీద ఇది కనిపించకపోవచ్చు. పెద్ద ప్రింటు వేయించి చూడండి, బోటు పక్కకు వేసిన నీలిరంగు మీద ఇసుక చల్లినట్టు ఉంటుంది.

గూగుల్ ఉదాహరణ కూడా అక్కడితో ఆగలేదు. 2021లో అదే సంస్థ తన పిక్సెల్ ఫోన్లలోని హెచ్‌డీఆర్ ప్లస్‌కు ఎక్కువసేపు వెలుగు తీసుకునే ఫ్రేమును జోడించింది, అదీ నీడలలో నాయిజ్ తగ్గించడానికే. అసలు ఈ అవసరాన్ని ఏనాడో గుర్తుచేసినది కూడా సముద్రమే: 1850లలో ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే సముద్రానికి ఒక నెగెటివు, ఆకాశానికి మరొకటి వాడి ఒకే ప్రింటు తయారుచేశాడు.

నేను గట్టిగా చెప్పదలచినది ఇది: బ్రాకెట్‌లోని చీకటి ఫ్రేమే మీరు కోరుతున్న ఆ ఒక్క రా ఫైలు. బోటు కదిలితే దానినొక్కదానినే వాడుకోండి, కదలని చోట మిగతా రెండింటినీ వాడుకోండి. తీయకుండా వచ్చేసిన ఫ్రేమును మాత్రం ఇంట్లో కూర్చుని సృష్టించుకోలేం.

కదలిక నన్నూ దెబ్బతీసింది, దాచను. బీచ్ రోడ్డులో ఒక ఫ్లాటు లోపలి ఫొటోలు తీస్తూ, కిటికీ బయటి సముద్రం కోసం అయిదు ఫ్రేముల బ్రాకెట్ పెట్టాను. సీలింగ్ ఫ్యాను ఆపించాను గానీ పరదా కట్టించడం మరిచాను. కలిపిన ఫొటోలో పరదా అంచు కిటికీ ఊచల మీద పలచటి పొగలా రెండుసార్లు పడింది, మర్నాడు మళ్లీ వెళ్లి తీయవలసి వచ్చింది. అయినా అక్కడ ఒక్క ఫ్రేముతో సరిపెట్టే వీలు లేదు, ఎందుకంటే గది మూలకూ బయటి ఎండకూ ఉన్న తేడా హార్బర్ సూర్యోదయం కంటే తక్కువేమీ కాదు.

గాజువాక సభ్యుడు

నాయిజ్ లెక్కను ఒప్పుకుంటున్నాను, గది లోపలి ఫొటోల విషయంలో నాకు అభ్యంతరం లేదు. అయితే అల రాతికి కొట్టుకుని పైకి లేచే క్షణం ఒక్కటే ఉంటుంది. నా కెమెరా మొదట మధ్య ఫ్రేము తీసి, తరువాత చీకటి ఫ్రేముకు వెళ్తుంది. ఆకాశం సరిగ్గా పడిన ఫ్రేము వచ్చేసరికి అల కిందికి జారిపోతుంది. ఈ నష్టాన్ని మీరు ఎలా పూడుస్తారు?

భీమిలి సభ్యురాలు

చాలా కెమెరాల మెనూలో బ్రాకెటింగ్ వరుసను మార్చుకునే వీలుంది. దానిని మైనస్, సున్నా, ప్లస్ అని పెట్టండి. మీరు బటన్ నొక్కిన క్షణం చీకటి ఫ్రేములోనే పడుతుంది. డ్రైవ్ మోడ్ కంటిన్యుయస్‌లో ఉంచితే మూడూ ఒకే నొక్కుకు పూర్తవుతాయి. ఆటో ఐఎస్ఓ మాత్రం ఆపేయండి, లేకపోతే కొన్ని కెమెరాలు షట్టర్‌కు బదులు ఐఎస్ఓను మారుస్తాయి.

ఎంవీపీ కాలనీ సభ్యుడు

వరుస మార్చుకోవచ్చన్న సంగతి ఇన్నేళ్లలో నాకు తట్టలేదు, ధన్యవాదాలండీ. చీకటి ఫ్రేము నిజంగా సరిపోయేంత చీకటిగా ఉందో లేదో ఒడ్డు మీదే తెలుసుకోవడం ఎలా?

భీమిలి సభ్యురాలు

మూడు రంగులను విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫు, ఎడమ చీకటి, కుడి వెలుగు) పెట్టుకుని ఎరుపును చూడండి. ఉదయించే సూర్యుడి చుట్టూ ముందుగా క్లిప్ అయ్యేది (గరిష్ఠాన్ని దాటి వివరం పోయేది) ఎరుపే, మామూలు హిస్టోగ్రామ్‌లో అది బయటపడకపోవచ్చు. ఎరుపు గీత కుడి గోడకు ఆనుకుంటే మొత్తం బ్రాకెట్‌ను ఇంకొక స్టాపు కిందికి దించి మళ్లీ తీయండి.