త్రికోణమితితో పైథాగరస్ సిద్ధాంతాన్ని నిరూపిస్తే చెల్లుతుందా?

కోణమాని:
లంబకోణ త్రిభుజంలో కర్ణం మీది వర్గం మిగతా రెండు భుజాల వర్గాల మొత్తానికి సమానం. దీన్ని సైన్, కాస్‌లతో (కోణం ఎదుటి భుజాన్ని, పక్క భుజాన్ని కర్ణంతో భాగిస్తే వచ్చే నిష్పత్తులతో) నిరూపించామంటే నేను ఒప్పుకోను. సైన్ స్క్వేర్ ప్లస్ కాస్ స్క్వేర్ ఒకటి అనేది వేషం మార్చుకున్న ఇదే సిద్ధాంతం కదా! పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది. వందలకొద్దీ నిరూపణలు పోగేసిన ఎలైషా లూమిస్ కూడా త్రికోణమితి నిరూపణ ఉండదనే రాశాడు.

వర్గమూలం:
రాశాడు, కానీ పొరబడ్డాడు. త్రికోణమితి సూత్రాలన్నిటికీ ఈ సిద్ధాంతమే పునాది అనుకున్నాడాయన. అన్నిటికీ కాదండీ. భుజాలు ఎ, బి, కర్ణం సి అనుకోండి. లంబకోణమున్న శీర్షం నుంచి కర్ణం మీదికి లంబం దించితే కర్ణం రెండు ముక్కలవుతుంది. ఎ పక్కనున్న ముక్క పొడవు, ఎ ని ఆ మూల కోణం కాస్‌తో గుణించినంత. ఆ కాస్ విలువ ఎ/సి. అంటే ముక్క ఎ²/సి. రెండోది అలాగే బి²/సి. కలిపితే సి రావాలి, కాబట్టి ఎ² + బి² = సి². మీరన్న సైన్ స్క్వేర్ ఇందులో ఎక్కడ వాడాను?

కోణమాని:
ఇది పాత సరూప త్రిభుజాల (ఆకారం ఒకటే, పరిమాణం వేరు) నిరూపణే. పైన కాస్ అని రాశారంతే.

లంబరేఖ:
సరూపత లేకపోతే కాస్‌కు అర్థమే లేదుగా! కోణం ఒకటే అయితే త్రిభుజం చిన్నదైనా పెద్దదైనా నిష్పత్తి మారదని చెప్పేది సరూపతే. అసలు బలమంతా అక్కడే ఉంది. గోళం మీద ధ్రువం నుంచి భూమధ్యరేఖకు 90 డిగ్రీల తేడాతో రెండు గీతలు దించండి. మూడూ లంబకోణాలే, మూడు భుజాలూ సమానమే. అక్కడ ఈ సిద్ధాంతం చెల్లదు, సరూపతా ఉండదు. కాబట్టి ఏ నిరూపణైనా తలం చదునుగా ఉందన్న సంగతిని ఎక్కడో ఒకచోట వాడి తీరాలి. దాన్ని వాడినంత మాత్రాన తేల్చాల్సినదాన్నే ముందుగా ఒప్పుకున్నట్టు కాదు.

2009లో జేసన్ జింబా రెండు కోణాల భేదానికి ఉన్న సూత్రాల నుంచి మీ సైన్ స్క్వేర్ సర్వసమీకరణాన్నే రాబట్టాడు. 2023లో హైస్కూల్ విద్యార్థినులు నెకియా జాక్సన్, కాల్సియా జాన్సన్ సైన్ నియమం (భుజాలు వాటి ఎదుటి కోణాల సైన్‌ల నిష్పత్తిలో ఉంటాయన్నది), అనంత గుణశ్రేణి కలిపి ఇంకో దారి చూపించారు. (రెండు వేల ఏళ్లలో ఇదే మొదటిదన్న హడావిడి మాత్రం అనవసరం.) సైన్ నియమానికి ఒక లంబం గీస్తే చాలు, వర్గాలతో పనే లేదు.

కోణమాని:
సరే, సైన్, కాస్‌లను యూనిట్ సర్కిల్‌తో (వ్యాసార్థం ఒకటైన వృత్తం మీది బిందువుల నిరూపకాలుగా) నిర్వచిస్తే?

వర్గమూలం:
అప్పుడు మీదే రైటు. ఆ వృత్తం సమీకరణమే ఈ సిద్ధాంతం. అనంత శ్రేణులతో నిర్వచించినా చిక్కే. సర్వసమీకరణం కాలిక్యులస్‌తో హాయిగా వచ్చేస్తుంది గానీ, ఆ కాస్‌ను త్రిభుజంలోని కోణానికి ముడిపెట్టడానికి మామూలుగా చాపం పొడవు కావాలి. చాపం పొడవుకు రెండు బిందువుల మధ్య దూర సూత్రం కావాలి. దూర సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో మీకు చెప్పక్కర్లేదు.