శర శశి షట్క చంద్ర... ఇందులో అబ్ధి నాలుగా, ఏడా?

ఈ పద్యంలో ఒక్కో మాటా ఒక్కో అంకె: శర (బాణాలు) అంటే 5, శశి (చంద్రుడు) అంటే 1, అలాగ. పొద్దున దీన్ని పెట్టినాయన డౌటు బాగుందండి. సముద్రాలు ఏడు కదా, సముద్రమనే అర్థమున్న అబ్ధికీ పయోనిధికీ 4 ఎందుకేస్తారు అని. చతుస్సముద్రాలు అనే వాడుక కూడా ఉంది, లెక్కల పద్యాల్లో సముద్రమంటే 4 అనే తీసుకుంటారు. అది నమ్మబుద్ధి కాకపోతే ఆ సంఖ్యనే అడుగుదాం.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

లెక్కల్ని పద్యాల్లో రాసిన పావులూరి మల్లనది, 11వ శతాబ్దం, ఆ వంశానికి రాజరాజ నరేంద్రుడిచ్చిన నవఖండవాడ మన పిఠాపురం పక్కనే అంటారు. చదరంగం మొదటి గడిలో ఒకటి, తర్వాత ప్రతి గడిలో రెట్టింపు, 64 గళ్ళ మొత్తం. అంటే 64 రెళ్ళని ఒకదాంతో ఒకటి (2 × 2 × 2... అని) గుణించి ఒకటి తీసెయ్యడం. పద్యంలో మొదటి మాటని ఒకట్ల స్థానంలో వేసి, మిగతావి కుడి నుంచి ఎడమకి పేర్చుకుంటే 1,84,46,74,40,73,70,95,51,615. మార్టేరు స్వర్ణ వడ్లు వెయ్యి గింజలు సుమారు 20 గ్రాములు అనుకుంటే ఇది మన 75 కేజీల బస్తాల్లో దాదాపు 5 లక్షల కోట్ల బస్తాలండి, ఏ మిల్లు ఆడిస్తుంది చెప్పండి.

ఇక పరీక్ష. ఏ సంఖ్యనైనా 9తో భాగిస్తే ఎంత మిగుల్తుందో, దాని అంకెలు కూడి భాగించినా అంతే మిగుల్తుంది. ఆరు రెళ్ళు గుణిస్తే 64, దాన్ని 9తో భాగిస్తే 1 మిగుల్తుంది, అంచేత 60 రెళ్ళు పోయినా శేషం 1 గానే ఉంటుంది, మిగతా నాలుగు రెళ్ళు గుణిస్తే 16, అంటే శేషం 7, అందులో ఒకటి తీసేస్తే 6. పద్యంలో అంకెలన్నీ కూడితే 87, ఎనిమిదీ ఏడూ 15, ఒకటీ అయిదూ 6. సరిపోయింది. రెండు సముద్రాలకీ 7 వేసి చూడండి, 93, అంటే 12, అంటే 3. కుదరదు.

— ఏవండీ, మరి ఎవరైనా రాసేటప్పుడు శర శశిని తిరగేసి శశి శర అని రాస్తే? 87 మారదు కదా.

మారదండి, కానీ ప్రాస పట్టేస్తుంది, ప్రతి పాదంలో రెండో అక్షరం ర ఉండాలి, అది పోతుంది. ఇంకోటి, రెళ్ళ గుణకారం చివర 2, 4, 8, 6 ఇలాగే తిరుగుతుంది, 64వది 6తో ఆగుతుంది, ఒకటి తీస్తే 5, కాబట్టి పద్యం శరతో మొదలవ్వాల్సిందే. గిరి తర్క తిరగేస్తే గణమే చెడుతుంది. అసలు భయం గగనాబ్ధిని గగనాద్రి అని రాసేవాళ్ళతోనేనండి. ఈ పద్యం ఛందస్సు చంపకమాల, దానికి ఏ దెబ్బా తగలదు, ప్రాస కూడా తప్పు పట్టదు, అద్రి అంటే 7 అయిపోతుంది, దాన్ని తొమ్మిది లెక్కే పట్టుకుంటుంది.

— మా వాడి ఫోన్లో కొడితే 1.8446744 అని చూపించి పక్కన 19 పెట్టిందండి, మిగతా అంకెలు మింగేసింది.

అందుకే మల్లన నయం. ఇంకా ఈ సంఖ్యని విడగొడితే భలే ఉంటుందండి: 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. చివర్న 5 ఉంది కాబట్టి 5 తెలిసిందే, అంకెల మొత్తం 87ని 3 భాగిస్తుంది కాబట్టి 3 తెలిసిందే. 641నీ 6700417నీ గుణిస్తే 4294967297, అంటే 32 రెళ్ళ గుణకారానికి ఒకటి కలిపింది, రెళ్ళు 1, 2, 4, 8, 16, 32 ఇలా ఉండి ఒకటి కలిపినవన్నీ ప్రధాన సంఖ్యలే అని ఫెర్మా అనే గణితజ్ఞుడు అనుకుంటే 1732లో ఆయిలర్ అనే ఇంకో గణితజ్ఞుడు 641తో దీన్ని పగలగొట్టాడు.

— 17 నమ్మకం కుదర్లేదండి.

నాలుగు రెళ్ళు గుణిస్తే 16, అది 17కి ఒకటి తక్కువ, దాన్ని దాంతోనే గుణిస్తే 256, 17తో భాగిస్తే శేషం 1. అంటే ఎనిమిది రెళ్ళకోసారి శేషం 1 వస్తుంది, 64లో ఎనిమిదులు ఎనిమిది. ఒకటి తీసెయ్యండి, సున్నా.